తెరిచిన యంత్రం, మూసిన లంకె

ఒక సైన్సు పరికరం ఎదురైనప్పుడు మనం సాధారణంగా రెండు ప్రశ్నలే వేస్తాం. అది ఏం చేస్తుంది? ఎంతకు దొరుకుతుంది? మూడో ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. పాడైన రోజున దాన్ని విప్పి చూసే హక్కు ఎవరిది, విప్పి బాగుచేయగల తెలివి ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్నకు జవాబు లేనంతకాలం యంత్రం మన గదిలో ఉన్నా మన చేతిలో ఉన్నట్టు కాదు.

మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదుచేసే పరికరాల రంగంలో సుమారు పదిహేనేళ్ళుగా ఈ మూడో ప్రశ్న ముందుకొచ్చింది. యంత్రం నక్షానూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మూలపాఠాన్నీ ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే 'ఓపెన్ సోర్స్' పద్ధతి ఈ రంగంలోకి వచ్చింది. ఆ పద్ధతి మన ప్రశ్నకు ఎంతవరకు సమాధానం చెప్పింది, ఎక్కడ ఆగిపోయింది అని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉట్నూర్‌లో కూర్చుని మెదడు యంత్రాల గురించి రాయడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. ఉత్తర తెలంగాణకు మెదడు జబ్బులు కొత్తవి కావు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు లక్షణాలు కనిపించాయి. 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. దానికి చండీపురా వైరస్ కారణమని పుణే జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు 2004లో ప్రకటించారు. కాదు, అది మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అని హైదరాబాదు పిల్లల వైద్యులు కొందరు వాదించారు. ఆ వివాదాన్ని ఏదో ఒక్క యంత్రం తేల్చి ఉండేదని చెప్పడం లేదు. జబ్బు ఏమిటని వాదించుకోవడానికైనా నమోదైన సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యం ఒకచోటి నుంచి మరోచోటికి పోగలగాలి అని మాత్రమే చెబుతున్నాం.

మూర్ఛ సంగతి చూడండి. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందనీ, వారిలో దాదాపు 80 శాతం పేద, మధ్యాదాయ దేశాల వారేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏజెన్సీ గూడెంలో ఫిట్స్ వచ్చే పిల్లను మొదట ఉట్నూర్‌కు తెస్తారు. అక్కడ తేలకపోతే ఆదిలాబాద్ రిమ్స్‌కు, అక్కడా తేలకపోతే ఇంకో 300 కిలోమీటర్ల దూరాన హైదరాబాదుకు. ఒక ఆస్పత్రిలో తీసిన మెదడు రికార్డు రెండో ఆస్పత్రి యంత్రంలో తెరుచుకోకపోతే తల్లిదండ్రుల చేతిలో మిగిలేది నాలుగు కాగితాల ముద్రా, ఒక వాక్యం రిపోర్టూ. పరీక్ష మళ్ళీ చేయాలి. కూలి మళ్ళీ పోతుంది. యంత్రాల పొందిక అనే సాంకేతిక సమస్య చివరికి వచ్చి పడేది ఇక్కడ.

ఎనిమిది లంకెలు

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి విద్యుత్ కదలికల ద్వారా మాట్లాడుకుంటాయి. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీది నుంచి ఆ కదలికను నమోదుచేసి, 1929లో ప్రకటించాడు. దాన్నే ఈఈజీ అంటున్నాం. నెత్తి మీద దొరికే సంకేతం పది నుంచి వంద మైక్రోవోల్టులు. గోడగడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లును తీసుకుంటే, దాని బలంలో ముప్పయి వేలో వంతు అన్నమాట. జంతువుల మీద పరిశోధన చేసేవారు వెంట్రుక లాంటి ఎలక్ట్రోడ్లను మెదడు లోపలికే దింపి, ఒక్కొక్క నాడీకణం చప్పుడును విడిగా పట్టుకుంటారు. ఆ చప్పుడు వెయ్యో వంతు సెకను పాటే ఉంటుంది. దాన్ని పోగొట్టుకోకుండా ఉండాలంటే ఒక్కో తీగ మీద సెకనుకు సుమారు 30,000 సార్లు కొలవాలి.

ఇంత బలహీనమైన, ఇంత వేగమైన సంకేతం మెదడు నుంచి కంప్యూటరులోని ఫైలుగా మారేలోపు ఎనిమిది లంకెలు దాటాలి. ఎలక్ట్రోడ్ మొదటిది. దాన్ని తగిలించే కనెక్టరు రెండోది. సంకేతాన్ని పెంచి అంకెలుగా మార్చే చిప్ మూడోది. కేబుల్ నాలుగోది. అంకెలను పోగుచేసే బోర్డు ఐదోది. ఆ బోర్డును కంప్యూటరు గుర్తించేలా చేసే డ్రైవర్ ఆరోది. తెర మీద చూపి దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏడోది. చివరికి మిగిలే ఫైలు ఎనిమిదోది.

పాత పద్ధతిలో ఈ ఎనిమిదింటినీ ఒకే కంపెనీ ఒకే మూటగా కట్టి అమ్మేది. లంకెలన్నీ ఒకదానికొకటి చక్కగా ఇమిడేవి. ఐతే వేరే కంపెనీ లంకె దేనితోనూ ఇమిడేవి కావు. పొందిక లేకపోవడం అక్కడ పొరపాటు కాదు, వ్యాపార పద్ధతి. ఒక లంకె కొన్నవాడు మిగతా ఏడింటి కోసం అదే గుమ్మం ముందు నిలబడాలి.

ఏది తెరిచారు, ఏది తెరవలేదు

2010 దశకం మొదట్లో అమెరికాలో జాష్ సీగల్, యాకబ్ ఫోయ్‌గ్ట్స్ అనే ఇద్దరు యువ పరిశోధకులు ఈ మూటను విప్పే పనికి పూనుకున్నారు. వారు మొదలుపెట్టిన ఓపెన్ ఎఫిస్ సంస్థ బోర్డు నక్షాను, సాఫ్ట్‌వేర్ మూలపాఠాన్ని బహిరంగంగా పెట్టింది. వాణిజ్య యంత్రాల ధరలో చిన్న భాగానికే అదే పని చేయవచ్చని చూపించింది. 2017లో ఆ వ్యవస్థ వివరాలను పరిశోధనా పత్రంగా ప్రచురించారు. ఆ బోర్డుకు నాలుగు ద్వారాలుంటాయి. అన్నీ కలిపి 512 తీగల వరకు నమోదు చేయవచ్చు.

ఐతే ఆ బోర్డు ఒంటరిగా పుట్టలేదు. ఇంటాన్ టెక్నాలజీస్ అనే అమెరికన్ కంపెనీ 32 లేదా 64 యాంప్లిఫయర్లను, వాటిని అంకెలుగా మార్చే భాగాన్ని గోరంత చిప్‌లో ఇమిడ్చింది. ఆ చిప్ లోపలి నిర్మాణం కంపెనీదే. అది బహిరంగం కాదు. కాని చిప్‌తో ఎలా మాట్లాడాలో, ఏ ఆజ్ఞకు ఏ జవాబు వస్తుందో పూర్తిగా రాసి అందరికీ ఇచ్చింది. చిప్‌ను నడిపే బోర్డు మూలపాఠాన్ని కూడా ఇచ్చింది. ఆ కాగితాలు లేకపోతే ఓపెన్ ఎఫిస్ ఈ రూపంలో లేదు.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గ్రహించాలి. లంకె లోపల ఏముందో తెలియడం ఒకటి. లంకెతో మాట్లాడే భాష తెలియడం మరొకటి. ఇంటాన్ చిప్ లోపల మూసి ఉంది, దాని భాష తెరిచి ఉంది. అందుకే వేరే వేరే ప్రయోగశాలలు, వేరే వేరే కంపెనీలు దాని చుట్టూ తమ బోర్డులు కట్టుకోగలిగాయి. ఇది పాక్షిక స్వేచ్ఛ, ఐనా పనికొచ్చే స్వేచ్ఛ.

దీనికి భిన్నమైన ఉదాహరణ న్యూరోపిక్సెల్స్. అమెరికాలోని జనీలియా పరిశోధనా కేంద్రం, బెల్జియంలోని ఐమెక్ సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి తయారుచేసిన ఈ సూది వివరాలు 2017లో వెలువడ్డాయి. ఒక సెంటీమీటరు పొడవున్న సన్నని కాడ మీద 960 స్పర్శస్థానాలు ఉంటాయి. వాటిలో ఒకేసారి 384 చోట్ల వినవచ్చు. విద్యాసంస్థలకు లాభాపేక్ష లేకుండా ఇవ్వాలనే ఉద్దేశంతో చేసిన పని ఇది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు, ఓపెన్ ఎఫిస్ వారిదీ జనీలియా వారిదీ కూడా, తెరిచినవే. ఐనా ఆ సాఫ్ట్‌వేర్లకూ సూదికీ మధ్య ఉండే డ్రైవర్‌ను ఐమెక్ మూలపాఠంగా కాక తయారైన ముద్దగా ఇస్తుంది. అది విండోస్ మీదే నడుస్తుంది. లినక్స్ మీద పనిచేసే పేద ప్రయోగశాల, పైన ఉన్న సాఫ్ట్‌వేర్ ఎంత తెరిచి ఉన్నా, విండోస్ కంప్యూటరు కొనక తప్పదు. ఏడు లంకెలు తెరిచి ఎనిమిదోది మూస్తే గొలుసు మూసినట్టే.

పొందిక ఎక్కడ తప్పుతుంది

పొందిక తప్పడం అంటే యంత్రం నడవకపోవడమే అనుకుంటాం. అంతకంటె ప్రమాదకరమైనది నడుస్తున్నట్టు కనిపిస్తూ తప్పు చెప్పడం.

కనెక్టరు సంగతి తీసుకోండి. ఎలక్ట్రోడ్ తయారుచేసినవాడు తన తీగలకు ఒక వరుసలో అంకెలు వేస్తాడు. చిప్ తయారుచేసినవాడు మరో వరుసలో వేస్తాడు. మధ్యలో కనెక్టరు పిన్నుల వరుస మూడోది. మెదడులో అన్నిటికంటె పైనున్న తీగ తెర మీద ఎక్కడో ఇరవై నాలుగో గీతగా రావచ్చు. ఈ మూడు వరుసలను సరిచేసే పట్టికను సాఫ్ట్‌వేరుకు ఇవ్వాలి. పట్టిక తప్పైతే గీతలు అందంగానే కదులుతాయి, ఫైలు నిండుతుంది, మెదడు లోతుల క్రమం మాత్రం తారుమారౌతుంది. కనెక్టరు ఇమిడింది కదా అని సంతోషించిన పరిశోధకుడు నెలల తర్వాత గాని తప్పు తెలుసుకోడు. పిన్నుల పట్టిక ఇవ్వని అమ్మకందారు దగ్గర కొన్న ఎలక్ట్రోడ్ సగం వస్తువే.

కరెంటు మరో ఉదాహరణ. అమెరికాలో ఇంటి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50 సార్లు. గోడల్లోని తీగల నుంచి ఆ ఊగు మెదడు రికార్డులోకి చొరబడుతుంది. దాన్ని తీసేసే జల్లెడను 60 దగ్గర ఉంచి పంపిన యంత్రాన్ని మనం 50కి మార్చుకోకపోతే మెదడు సంకేతం మీద విద్యుత్ శాఖ సంకేతం స్వారీ చేస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని భవనంలో జల్లెడ కూడా చాలదు. కాబట్టి పొందిక యంత్రానికీ యంత్రానికీ మధ్యే కాదు, యంత్రానికీ ఊరికీ మధ్య కూడా ఉండాలి.

మూడోది కాలంతో పొందిక. ఓపెన్ ఎఫిస్ సాఫ్ట్‌వేర్ ప్లగిన్లనే చిన్న చిన్న ముక్కల కూర్పు. ఎవరికి కావలసిన ముక్కను వారు రాసి చేర్చుకోవచ్చు. ఈ వెసులుబాటే దాని బలం. ఐతే 0.5 రూపం నుంచి 0.6 రూపానికి మారినప్పుడు ముక్కలు అతికే పద్ధతే మారింది. పాత ముక్కలను సవరించి మళ్ళీ కూర్చాలి. రాసిన విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోతే సవరించేది ఎవరు? మూలపాఠం అందరిదీ అన్నప్పుడు బాధ్యత ఎవరిదీ కాకుండా పోయే అవకాశం ఉంది. ఈ వైరుధ్యాన్ని ఓపెన్ సోర్స్ అభిమానులు తక్కువగా మాట్లాడతారు.

రికార్డు ఎవరి లిపిలో ఉంది

ఎనిమిది లంకెల్లో చివరిదే, అంటే ఫైలే, మన దృష్టిలో ముఖ్యమైనది. యంత్రం పదేళ్ళకు పోతుంది. రికార్డు ఉండాలి.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఉట్నూర్ ప్రాంతపు అనుభవమే ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి భాషకు సొంత లిపిలో రాసిన వ్రాతప్రతులు ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని లోకం దృష్టికి తెచ్చింది. ఊళ్ళో పెద్దలు ఆ లిపి చదవగలిగినా కంప్యూటరు దాన్ని గుర్తించేది కాదు. ఒక కంప్యూటరులో ప్రత్యేక ఫాంటుతో టైపు చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా మారే స్థితి. 2018లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండి లిపికి చోటు దొరికింది. ఒక్కో అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక్కో సంఖ్య వచ్చింది. లిపి అంతకుముందూ ఉంది, పాఠకులూ ఉన్నారు. లేనిది అందరూ ఒప్పుకున్న ప్రమాణం.

మెదడు రికార్డుల స్థితి అంతే. ప్రతి కంపెనీకీ ఒక రహస్య లిపి. ఈ స్థితిని మార్చడానికి యూరపు పరిశోధకులు కొందరు 1992లో ఈడీఎఫ్ అనే ఫైలు ప్రమాణాన్ని ప్రకటించారు. మొదటి 256 బైట్లలో ఎవరి రికార్డు, ఎప్పుడు మొదలైంది, ఎన్ని తీగలు అన్నది మామూలు అక్షరాల్లో ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో తీగకు మరో 256 బైట్ల వివరణ. అటు తర్వాత అంకెలు. 2003లో దాన్ని విస్తరించారు. నిద్ర పరీక్షలకు, ఈఈజీకి అది ఇవాళ్టికీ పనికొస్తోంది. మెదడు లోపలి రికార్డుల కోసం 2014లో మొదలైన ఎన్‌డబ్ల్యూబీ అనే ప్రమాణం ఉంది. వేర్వేరు యంత్రాల ఫైళ్ళను చదవగల నియో, స్పైక్‌ఇంటర్‌ఫేస్ లాంటి బహిరంగ సాధనాలూ ఉన్నాయి.

ప్రమాణం ఉన్నంత మాత్రాన సమస్య తీరలేదు. న్యూరోపిక్సెల్స్ సూది 384 తీగల మీద సెకనుకు 30,000 కొలతలు తీస్తుంది. ఒక్కో కొలతను రెండు బైట్లలో దాస్తే సెకనుకు 23 మెగాబైట్లు, గంటకు సుమారు 83 గిగాబైట్లు. ఈ బరువును మోయగల డిస్కులు లేనిచోట ప్రమాణం పుస్తకంలోనే ఉంటుంది. ఈఈజీ ఫైలు చాలా చిన్నది. దానికి ఈ సాకు లేదు. ఆస్పత్రి యంత్రం ఈడీఎఫ్‌లో ఫైలు ఇవ్వకపోతే కారణం సాంకేతికం కాదు.

నక్షా ఉంది, పనివాళ్ళు?

మూసిన యంత్రం అమ్మే కంపెనీల వారి వాదన ఒకటి ఉంది. మా యంత్రం పాడైతే మా ఇంజనీరు వస్తాడు, ఏఎంసీ రాసిస్తాం, తెరిచిన యంత్రానికి ఎవరొస్తారు? ఈ వాదనను కొట్టిపారేయకూడదు. ఇందులో నిజం ఉంది. నక్షా బహిరంగంగా ఉండటం మరమ్మతు కాదు, మరమ్మతుకు అవకాశం మాత్రమే. అవకాశాన్ని పనిగా మార్చేది మనిషి శ్రమ.

ఐతే కంపెనీ హామీకీ ఒక హద్దుంది. అమెరికాలోని న్యూరోవిస్టా కంపెనీ, ఫిట్స్ రాబోతున్నాయని ముందే హెచ్చరించే పరికరాన్ని తయారుచేసింది. మెల్బోర్న్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 15 మంది తలలో దాని ఎలక్ట్రోడ్లు అమర్చారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కొందరికి అది నిజంగా ఉపయోగపడింది. కాని కంపెనీకి డబ్బు అయిపోయింది. పరికరాలను తీసివేశారు. తీయించుకోవడానికి ఇష్టపడని వారు కూడా తీయించుకోవలసి వచ్చింది. మరో అమెరికన్ కంపెనీ సెకండ్ సైట్, చూపులేనివారి కంట్లో అమర్చే పరికరాన్ని ప్రపంచంలో 350 మందికి పైగా అమర్చింది. 2020 నాటికి దివాలా అంచుకు చేరింది. కంట్లో యంత్రం మిగిలింది, దాన్ని చూసుకునే వారు లేరు. అది నమోదుచేసే పరికరం కాదు, సంకేతాలు పంపే పరికరం. పాఠం మాత్రం ఒకటే. కంపెనీ ఉన్నంతకాలమే కంపెనీ ఆసరా.

మరి మరమ్మతు శ్రమను ఎవరు సమకూర్చాలి? దీనికి మన చరిత్రలోనే ఒక జవాబు ఉంది. విదేశీ కంపెనీలు భారతీయ శాఖల్లో తమ వాటాను తగ్గించుకోవాలనే చట్టానికి ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్ళింది. దేశమంతటా వందలాది ఐబీఎం యంత్రాలు మిగిలాయి. వాటి నక్షాలు మనవి కావు. ఐనా అవి ఆగిపోలేదు. అప్పటికే కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, ఆ యంత్రాల నిర్వహణను చేపట్టింది. పేరులోనే 'మరమ్మతు' ఉన్న ఈ ప్రభుత్వ సంస్థ తర్వాతి కాలంలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసింది. అదే హైదరాబాదులో ఈసీఐఎల్ 1970లలో సొంత కంప్యూటర్లు తయారుచేసింది. సీఎంసీని 2001లో టాటాలకు అమ్మారు. 2015లో అది టీసీఎస్‌లో కలిసిపోయింది.

ఈ చరిత్రను ఇప్పటి స్థితితో పోల్చి చూస్తే విషయం తిరగబడినట్టు కనిపిస్తుంది. అప్పుడు నక్షా మనది కాదు, కాని శిక్షణ పొందిన మనుషులు, విడిభాగాల నిల్వ, బాధ్యత వహించే సంస్థ ఉన్నాయి. ఇప్పుడు నక్షా తెరిచి ఉంది. మనుషులు, నిల్వ, సంస్థ లేవు. ఓపెన్ సోర్స్ యంత్రం ఉచితంగా ఇచ్చేది నక్షాను మాత్రమే. మిగతా మూడింటినీ ఎవరో ఒకరు కట్టుకోవాలి. కట్టుకోకపోతే తెరిచిన యంత్రం కూడా మూసిన బీరువాలోకే చేరుతుంది.

ఆ నిర్మాణం అసాధ్యం కాదు. ఢిల్లీ ప్రాంతంలోని అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ మెదడు, గుండె, కండరాల సంకేతాలను పట్టే చిన్న బోర్డులను తెరిచిన నక్షాతో ఇక్కడే తయారుచేస్తోంది. ఇలాంటి బోర్డులు చదువుకూ పరిశోధనకూ పనికొచ్చేవే గాని రోగ నిర్ధారణకు ఉద్దేశించినవి కావు; మనిషికి తగిలించినప్పుడు గోడ కరెంటు మీద కాక బ్యాటరీ మీద నడపాలి. ఈ హద్దు గుర్తుంచుకుంటే నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి సాధనం లేదు. మన ఐటీఐలలో ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలకు టంకం వేయడం, మీటరుతో తీగ తెగిందో లేదో చూడటం వచ్చు. వారికి అందనిది చేతిపని కాదు, కాగితం. పిన్నుల పట్టికలూ, మరమ్మతు సూచనలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని తెలుగులో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తెరిచిన నక్షా ఇచ్చే అసలు హక్కు అదే.

కొనేముందు వేయవలసిన ప్రశ్నలు

ప్రజల డబ్బుతో ఇలాంటి పరికరం కొనే ఆస్పత్రి గాని, విశ్వవిద్యాలయం గాని, ఐటీడీఏ గాని ధర అడిగే ముందు కొన్ని ప్రశ్నలు వేయాలి. రికార్డు మొత్తం ఈడీఎఫ్ లాంటి బహిరంగ ప్రమాణంలో, అదనపు రుసుము లేకుండా బయటికి వస్తుందా? ఎనిమిది లంకెల్లో ఏది పాడైతే రెండో అమ్మకందారు దగ్గర దొరుకుతుంది, ఏది దొరకదు? డ్రైవర్ మూలపాఠం ఇస్తారా, ఇవ్వకపోతే కంప్యూటరు మారినప్పుడు యంత్రం ఏమౌతుంది? పిన్నుల పట్టిక కాగితం మీద ఉందా? ఐదేళ్ళ తర్వాత దీన్ని బాగుచేసేది ఎవరు, ఏ ఊళ్ళో ఉంటారు?

'ఓపెన్ సోర్స్' అన్న ముద్ర ఉన్నా ఈ ప్రశ్నలన్నీ వేయాలి. ముద్ర లేని యంత్రానికీ ఇవే వేయాలి. వీటికి రాతపూర్వకమైన జవాబు లేకుండా కొన్న ప్రతి యంత్రం ఖర్చునూ ఎవరో ఒకరు రెండోసారి భరిస్తారు. కొనుగోలు కాగితం మీద సంతకం చేసినవారు మాత్రం కాదు. తెల్లవారుజామున మొదటి బస్సుకు పిల్లను ఎత్తుకుని నిలబడ్డవారు భరిస్తారు.